బేరంలో పోయిన మాట

మూగబావిలోకి దిగేముందు తాండవుడు చెవుల వెనక అత్తరు పూసుకున్నాడు.

నవ్వకండి. మాంత్రికుడి గుహకు బయలుదేరినవాడు కత్తి నూరుకుంటాడు, కవచం తొడుక్కుంటాడు, ఇలవేలుపుకు కొబ్బరికాయ కొడతాడు. ఈ అత్తరు సింగారం ఏమిటని మీకనిపిస్తే, అతని పెళ్లాం వకుళకూ అదే అనిపించింది.

"ఎవత్తినన్నా చూసుకోడానికి పోతున్నావా మావా?" అంది, తాడు తన నడుముకు చుట్టుకుంటూ.

"మాటల వర్తకుణ్ణి కదే! వర్తకుడు చెమట కంపు కొడితే సరుకు ఎవడు కొంటాడు?" అని తాండవుడు మీసం మెలితిప్పాడు. మీసం కొబ్బరి పీచుతో పెట్టుకున్నది. తలపాగా వకుళ పాత చీర. వేళ్లకు ఉంగరాలు నత్తగుల్లలు. దూరం నుంచి చూస్తే లక్షాధికారి, దగ్గరికొస్తే దిష్టిబొమ్మ.

ఈ వేషం వెనక ఏడుపు ఒకటుంది. అది ముందు చెప్పాలి.

కేసరదేశానికి రేవు శంఖపురం. ఆ రేవులో తాళ్లు పేనేవాళ్ల వాడ తాండవుడిది. ఆ దేశం మీద ఉలూకభట్టు అనే మాంత్రికుడి కన్ను పడింది. మిగతా మాంత్రికులు రాకుమార్తెలను ఎత్తుకుపోతారు, పాపం వాళ్లకు అంతకంటే తెలియదు. ఈ భట్టు మాటలను ఎత్తుకుపోతాడు. ఎత్తుకుపోయిన మాటను శంఖంలో దూర్చి, మూతికి లక్క పెట్టి, ఊరి పక్క కొండమీదున్న మూగబావి అడుగున గుహలో పేర్చుకుంటాడు. అలా 'వాన' అనే మాటను పట్టుకుపోయాడు. మాటే కదా, పోతే పోయిందిలే అనుకున్నారు జనం. పేరుపెట్టి పిలిచేవాళ్లు లేకపోతే అది మాత్రం ఏ మొహంతో వస్తుంది? మబ్బులు ఊరిమీదికి వచ్చి, ఎవరూ పలకరించకపోయేసరికి చిన్నబుచ్చుకుని పక్కదేశానికి తరలిపోయాయి. రైతులు ఆకాశానికి చేతులు చాచి, "అదే... పైనుంచి... చుక్కలు చుక్కలుగా..." అని నీళ్లు నమిలారు. కప్పలు నోరు తెరిచి, ఎందుకు తెరిచాయో మరిచిపోయి అలాగే ఉండిపోయాయి. ఒక బోదురుకప్ప నోట్లో పిచ్చుక గూడు కట్టుకుని గుడ్లు పెట్టిందంటే ఇక చూసుకోండి. చెరువుల అడుగులు పగిలాయి. పసిపిల్లల పెదవులు పగిలాయి. అక్కడ మాత్రం నవ్వడానికి ఏమీ లేదు.

కత్తి పట్టుకుని బావిలో దిగిన రాకుమారులు ఒక్కరూ తిరిగి రాలేదు. "నేను బేరానికి పోతాను" అన్నాడు తాండవుడు. అలా మొదలైంది ఈ అత్తరు.

తాళ్లవాడలో ఒక కట్టడి ఉంది. ఒకరు లోతుకు దిగితే ఇంకొకరు పైన తాడు పట్టాలి. పట్టినవాళ్లు దాన్ని చెట్టుకో రాయికో కట్టేసి కునుకు తీయడం కుదరదు. నడుముకు చుట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి, చేతులతో పట్టుకోవాలి. దిగినవాడు తన నోటితో "హోల్డు తీరింది" అనేదాకా ప్రాణం పోయినా వదలకూడదు.

ఆ 'హోల్డు' ధవళద్వీపం నుంచి ఓడ వేసుకొచ్చిన బార్లో దొరది. వాడలో అందరూ అతన్ని బార్లయ్య అనేవారు. బార్లయ్యకు ఆ ఒక్క మాటతోనే లోకం నడిచిపోయేది. తాడు పట్టుకోమంటే హోల్డు. ఆగమంటే హోల్డు. బస్తాలు వేసే ఓడ కడుపు హోల్డు. శత్రువు దాక్కున్న కొండకోట హోల్డు. కుండ కారకుండా నీళ్లు నిలిపితే హోల్డు, వాగుడు కట్టిపెట్టి నాలుక అదుపులో ఉంచుకోమన్నా హోల్డే. "ఈళ్ల దేశంలో మాటలకు కరువొచ్చినట్టుంది, ఊరంతా ఒకే చొక్కా తొడుక్కుంటున్నారు" అని వకుళ జాలిపడింది.

ఓడ వెళ్లిపోయింది. మాట ఒడ్డున ఉండిపోయింది. వకుళ దాన్ని ఇంటికి తెచ్చి పెంచుకుంది. అన్నం ఇంకా ఉడకలేదంటే హోల్డు. అలిగి మూతి ముడుచుకుంటే హోల్డు. పని నుంచి వచ్చిన మొగుడి మెడచుట్టూ చేతులు వేస్తే అదీ హోల్డు. కడుపులో నిలవకుండా పోయిన బిడ్డను ఇసుకలో కప్పి వచ్చిన సాయంత్రం, ఇద్దరూ గడపలో కూర్చుని ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. చీకటి పడేదాకా ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ అనుకోలేదు. ఆ అర్థం బార్లయ్యకు తెలిసి ఉండదు.

తాండవుడు బావి అంచున కూర్చోగానే వకుళ ముఖంలో నవ్వు పోయింది.

"మావా, ఆ భట్టుగాడు నీ గొంతుతో అరిచినా, నీ మొకం పెట్టుకునొచ్చినా నేను నమ్మను. మన మాట వింటేనే తాడు వదుల్తా. మన దేశపు మాటలన్నీ వాడి దగ్గరుండొచ్చు గాని, అది ఉండదు."

"హోల్డు" అన్నాడు తాండవుడు, చెంప తట్టి.

"హోల్డు" అంది వకుళ.

దిగాడు.

మూగబావి గోడలు పచ్చలు పొదిగినట్టు నాచుతో మెరుస్తున్నాయి. ఆ పచ్చదనంలోంచి నాలుకతీగలు వేలాడుతున్నాయి. ఎర్రటి, తడి నాలుకలు. "నీ పేరేమిటి? ఊరేమిటి?" అని ముద్దుగా అడుగుతాయి. నోరు విప్పి బదులు చెప్పినవాడి గొంతులోకి దూరి, ఉన్న మాటలన్నీ జుర్రేస్తాయి. తాండవుడు చప్పున పెట్టుడు మీసం ఊడబీకి నోట్లో కుక్కుకున్నాడు. నాలుకలు అతని చెవులు నాకాయి, అరికాళ్లకు చక్కిలిగింతలు పెట్టాయి. నవ్వు పొట్టలో పొంగి, పీచును దాటలేక ముక్కులోంచి వచ్చింది. వాటి కింద ఎముకల వల, దాని ముళ్లు విప్పి దూరాడు. వల కింద రెండు కొండచిలువలు జడలా పెనవేసుకుని దారి మూసి ఉన్నాయి. తాళ్లు పేనేవాడికి పెనవేత ఒక లెక్కా? పురి ఎటు తిరిగిందో చూసి, తోకలు రెండూ పట్టుకుని ఎదురు తిప్పాడు. కొండచిలువలు సర్రున విడిపోయి, తల తిరిగి వాంతి చేసుకున్నాయి. అందులోంచి ఎవరో రాకుమారుడి కిరీటం దొర్లింది.

అడుగున గుహ. నోట్లో పీచు ఉమ్మేసి, నడుము తాడు విప్పి వాకిట్లో వదిలాడు. అబ్బ, ఏమి గుహ! స్ఫటికపు స్తంభాలు, ముత్యపు పొడి పరిచిన నేల, కప్పు నిండా మిణుగురుల దీపాలు. గోడల పొడుగునా అరల్లో శంఖాలు. ఒక్కోదాని లోపల ఒక్కో మాట చెర పడి సన్నగా మూలుగుతోంది. అన్నీ కలిసి ఏడ్చే ఊరు దూరం నుంచి వినిపించినట్టుంది. నడుమ పులిచర్మం మీద ఉలూకభట్టు కూర్చున్నాడు. వాడి మెడ గుడ్లగూబ మెడలా వెనక్కంటా తిరుగుతుంది. వెనక్కి తిరిగి ఉన్న తలతోనే అన్నాడు:

"ఎవడ్రా నువ్వు? ఈ అత్తరు కంపేమిట్రా?"

"మాటల వర్తకుణ్ణి స్వామీ! పైనుంచి చుక్కలు చుక్కలుగా పడేదాని మాట ఉందటగా తమ దగ్గర? మారుబేరానికి వచ్చాను."

భట్టు తల ముందుకు తిరిగింది. "నా దగ్గర లేని మాట నీ దగ్గర ఏముంది?"

తాండవుడు తన పనిలోని మాటలు బయటికి తీశాడు. పురి అన్నాడు, పేట అన్నాడు, జారుముడి అన్నాడు. భట్టు ఒక్కొక్కదానికీ ఒక శంఖం చూపించాడు. తరువాత మెల్లగా నవ్వాడు.

"బావి అంచున తాడు పట్టుకుని ఒకతి ఉంది చూడు. దాని పేరు ఇయ్యి. 'వకుళ' అనే పేరు ఈ శంఖంలో వదిలెయ్యి. వాన పట్టుకుపో."

 పేరు అమ్ముకుంటే ఆ మనిషిని తాండవుడు మళ్లీ పిలవలేడు, తలుచుకోలేడు. వాన పేరు పోతే వాన ఏమైందో చూశాడు కదా.

"అది నాటు సరుకు స్వామీ" అన్నాడు తడుముకోకుండా. "సముద్రం అవతలిది చూపిస్తాను. హోల్డు!"

భట్టు కనుబొమ్మ లేచింది. "ఒక్క ముక్కా? చాలదు."

ఇక్కడే మన తాండవుడు దెబ్బతిన్నాడు. తాళ్లవాడలో ఎవడూ తాడును ఊరికే అమ్మడు. సాగదీసి, మోకాలితో తొక్కి, పళ్లతో కొరికి, పొగిడి పొగిడి ధర పెంచి అమ్ముతాడు. పుట్టిన దగ్గర్నుంచి ఉన్న అలవాటు, బావి అడుగుకు వస్తే మాత్రం పోతుందా?

"ఒక్క ముక్కని చులకన చెయ్యకండి స్వామీ! తాడు పట్టాలన్నా ఇదే, ఓడ కడుపన్నా ఇదే, కోటన్నా ఇదే. ఆగమన్నా ఇదే. కోపం లోపల దాచుకున్నా ఇదే, కౌగిలించుకున్నా ఇదే. ఏడుపు వచ్చినప్పుడు ఇంకే మాటా పనికిరాదు స్వామీ, ఇదొక్కటే..." పొగడ్త ఊపులో ఆ గడప, ఆ సాయంత్రం, ఇసుకలో బిడ్డ అన్నీ చెప్పేశాడు. చెబుతూ ఉంటే తన గొంతే వణికింది. దాంతో సరుకు ఇంకా గొప్పగా కనబడింది.

భట్టు కళ్లు పళ్లేలంత అయ్యాయి. "దీనికి ఇన్ని వాడుకలు నేర్పింది ఎవరు?"

"మా ఆవిడే!" అన్నాడు తాండవుడు గర్వంగా.

"బేరం కుదిరింది" అన్నాడు భట్టు.

తాండవుడు క్షణం తటపటాయించాడు. ఆ మాట పోతే వకుళకు ఏమని చెప్పడం? అయినా ఇదే తాడు పట్టుకు ఎక్కి, ఇదే మొహంతో ఎదురుగా నిలబడితే చాలదా? పేరు పోవడం కంటే ఎరువు తెచ్చుకున్న మాట పోవడం నయం కాదా? శంఖానికి నోరు ఆనించి ఆ మాట అన్నాడు. అది పెదవి దాటి, చిన్న నీలి చేపలా మెలికలు తిరుగుతూ లోపలికి జారింది. భట్టు లక్క పెట్టాడు. ఎముకొకటి మెత్తగా తీసేసినట్టు తాండవుడి వేళ్లు వదులయ్యాయి.

వాన శంఖం అతని ఒళ్లో పడింది. మరుక్షణం భట్టు మడమతో నేలను తన్నాడు. ముత్యపు నేల నోరు తెరిచింది.

"తాడు నాకుంటుంది!" అన్న మాట పైనుంచి వినబడుతుండగా తాండవుడు చీకటి నీళ్లలో పడ్డాడు. అది ముదిమి మడుగు. ఒక్క మునక వేస్తే ఒళ్లు పండిపోతుంది. కిందినుంచి లాగే సుడి అతన్ని రాతి గొట్టంలా ఉన్న సొరంగంలో దొర్లించి, మొసళ్ల వీపుల మీదుగా జార్చి, కొండ కింద సముద్రపు ఒడ్డున ఉమ్మేసింది. లేచి నిలబడబోతే మోకాళ్లు టకటకమన్నాయి. గడ్డం బొడ్డుదాకా తెల్లగా వేలాడుతోంది. చేతుల మీద చర్మం పాత వలలా ముడతలు పడింది.

ముందు ఊరు గుర్తొచ్చింది. శంఖాన్ని రాతికేసి కొట్టాడు. మాట రివ్వున ఎగిరి శంఖపురం మీదికి పోయింది. "వాన! వాన!" అని ఊరంతా ఒక్కసారిగా కేక. ఎక్కడెక్కడి మబ్బులో ఆ పిలుపు విని, అలక మాని, ఏనుగుల గుంపులా పరుగెత్తుకొచ్చాయి. పట్టపగలు చీకటి పడింది. రేవులో డప్పులు మోగాయి. పిల్లలు నోళ్లు తెరుచుకుని వీధుల్లోకి ఉరికారు.

తాండవుడు మాత్రం ముసలి ఊపిరితో, పడుతూ లేస్తూ కొండెక్కాడు.

వకుళ అక్కడే ఉంది. కాళ్లు రాతికి తన్నిపెట్టి, వెనక్కి వాలి, తాడు పట్టుకుని ఉంది. అరచేతులు ఒరుసుకుని తాడంతా ఎర్రగా తడిసింది. వాన ఆ ఎరుపును కడుగుతూ ఉంటే మళ్లీ ఊరుతోంది.

"వకుళా! వదిలెయ్యి! నేను వచ్చేశాను!"

ఆమె తల తిప్పి చూసింది. "ఏ ఊరు తాతా? తడిసిపోతన్నావు, ఆ గొంగడి కప్పుకో."

"నేనే, తాండవుణ్ణి. మీ మావను."

వకుళ అలసటగా నవ్వింది. "ఇందాక ఒక కాకి మా ఆయన గొంతుతో అరిచింది. అది పోయాక మా అమ్మ వేషంలో ఒకతి వచ్చి, నీ మొగుడు సచ్చిపోయాడు, తాడు వదలవే అని ఏడ్చింది. నువ్వు మా ఆయన్నే అంటన్నావు. భట్టుకి వేషాలు అయిపోతన్నాయా తాతా?"

తాండవుడు వాళ్ల ఇంటి సంగతులన్నీ చెప్పాడు. చూరుకింద దాచిన దువ్వెన చెప్పాడు. ఆమె వీపుమీది పుట్టుమచ్చ చెప్పాడు. ఇసుకలో కప్పిన బిడ్డకు వాళ్లిద్దరూ ఎవరికీ చెప్పకుండా పెట్టుకున్న పేరు చెప్పాడు. ఆ పేరు వినగానే వకుళ కళ్లలో నీళ్లు తిరిగాయి. తాడు మాత్రం కదల్లేదు.

"మంత్రగాళ్లకు తెలియందేముంది? ఒక్క మాట చెప్పు. నువ్వు మా ఆయనవైతే నీ నోటెంట అదే ముందు రావాలి. అను తాతా. నీకు దణ్ణం పెడతా, అను."

తాండవుడు నోరు తెరిచాడు. ఆ మాట ఉండవలసిన చోట ఖాళీ ఉంది.

"పట్టు" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆగు" అన్నాడు. "ఓర్చుకో" అన్నాడు. "దగ్గరికి రా. ఉండు. నిలబడు. నన్ను వదలకు." అన్నీ నిజమే. అన్నీ దాని ముక్కలే. ముక్కలన్నీ పోగేసినా అది కావడం లేదు. వాన గడ్డంలోంచి కారుతుంటే, చిన్నపిల్లాడిలా పెదవులు కదిలిస్తూ ఉండిపోయాడు.

సరిగ్గా అప్పుడు బావిలోంచి కేక వచ్చింది.

"వకుళా! హోల్డు తీరింది!"

వకుళ పెద్దగా ఏడ్చేసింది. ఏడుస్తూనే తాడు లాగింది. బావి అంచుమీదికి నల్లటి జుట్టు వచ్చింది, తలపాగా వచ్చింది, నత్తగుల్లల ఉంగరాలు వచ్చాయి. పడుచు తాండవుడి రూపంలో ఉలూకభట్టు పైకెక్కి చేతులు చాచాడు. "హోల్డు" అన్నాడు, అచ్చం పని నుంచి ఇంటికొచ్చినవాడిలా. వకుళ పోయి వాడి మెడచుట్టూ చేతులు వేసింది.

"వాడు కాదే! అది నేను అమ్ముకున్న మాట!" అని ముసలి తాండవుడు నెత్తి కొట్టుకున్నాడు.

"పాపం, ఈ తాత కూడా ఎవరినో పోగొట్టుకున్నట్టున్నాడు మావా" అంది వకుళ. గొంగడి తెచ్చి తన చేతులతోనే అతని భుజాల మీద కప్పింది. ఆ చేతులు అంత దగ్గరికి వచ్చి వెళ్లిపోయాయి.

భట్టు వంగి, ముసలివాడి చెవిలో ఊదాడు: "అమ్మిన మాట అమ్మినవాడి నోటికే పోతుంది. శంఖంలో పెట్టిన మాట ఎండిపోతుందిరా వర్తకుడా. రోజూ వాడేవాళ్లు ఉండాలి. ఆ మాట వాడడం తెలిసింది నీ పెళ్లాం ఒక్కతే."

తరువాత చప్పట్లు కొట్టాడు. మబ్బుచీకట్లోంచి ఇంటికప్పంత గుడ్లగూబ దిగింది. ఎండలో గుడ్డిదైన ఆ గూబకు, వాన తెచ్చిన చీకట్లో కళ్లు బ్రహ్మాండంగా కనిపిస్తున్నాయి. "భట్టును చంపి వాడి బండి పట్టుకొచ్చాను. ఎక్కు, రాజుగారి దగ్గరికి పోదాం" అన్నాడు వాడు. వకుళ ఎక్కింది. ఆమె నడుముకు చుట్టిన తాడు ఇంకా విప్పనే లేదు. దాని కొస బురదలో ఈడ్చుకుంటూ పోతోంది.

తాండవుడు ఆ కొస మీద పడ్డాడు. వేళ్లలో పట్టు లేదు. అందుకని గబగబా నడుముకు చుట్టేసుకున్నాడు. గూబ లేచింది. నేల పోయింది. శంఖపురం పెంకుటిళ్లు, డప్పులు, తడుస్తూ గంతులేసే జనం అరచేతంత అయిపోయాయి. గూబ ఊరివైపు తిరగలేదు. సముద్రం మీదికి మళ్లింది.

"మావా, తాడుకు బరువు తగుల్తోంది!" వకుళ చేతులు వాటంతట అవే బిగుసుకున్నాయి. వంగి చూసింది. "అయ్యో, ఆ తాత! గూబను దించు మావా!"

"ఎవడో పిచ్చి ముసలాడు. వదిలెయ్యి."

వకుళ వాడి మొహంలోకి చూసింది. "ఏమన్నావు?"

"వదిలెయ్యమన్నాను."

"బరువున్న తాడు వదలమని... నువ్వు అంటన్నావా మావా?"

ఆ మాటకున్న అర్థాలన్నీ భట్టు శంఖంలో ఉన్నాయి. తాళ్లవాడలో పుట్టినవాళ్ల బుద్ధి అందులో లేదు. వాడు తడబడి, మొలలోంచి కత్తి తీశాడు. వకుళ తాడు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. గాలికి గూబ ఒక పక్కకు ఒరిగింది. ముసలివాడి బరువు ఆమెను ఈకల మీదుగా అంగుళం అంగుళం కిందికి లాగుతోంది. అయినా ఆమె వదలదు. వదలదని అతనికి తెలుసు. కత్తి ఆమె వేళ్ల మధ్య తాడును వెతుకుతోంది.

"చెయ్యి తియ్యవే! తెగుద్ది!" అని కిందినుంచి తాండవుడు అరిచాడు.

"నోరు ముయ్యి తాతా! నేను లాగతా!"

తాండవుడు ఒక్కసారి పైకి చూశాడు. వానలో ఆమె ముఖం, రక్తం కారే చేతులు. నడుము చుట్టూ ఉన్న చుట్టును తానే విప్పుకున్నాడు.

బరువు తేలిపోయిన తాడు చివ్వున పైకి లేచింది.

"తాతా!"

వకుళ ఖాళీ కొసను పట్టుకుని చూస్తోంది. తరువాత తలెత్తి, మొగుడి చేతిలోని కత్తివైపు చూసింది. అంతవరకే తాండవుడికి కనిపించింది. మబ్బు అడ్డం వచ్చింది. కింద సముద్రం, అలల వీపుల మీద సుడులు తిప్పుతూ, దగ్గరికి వచ్చేస్తోంది. ఇంతకాలం మావా అని పిలిచిన గొంతు తాతా అని పెట్టిన కేక, గాలిలో అతనితోపాటే పడుతోంది.